చేతికి తెలిసే దారి

పాఠ్యభాగ పరిచయం

యంత్రాలను గురించిన వ్యాసాలు సాధారణంగా వాటి వేగాన్ని, ధరను, సౌకర్యాలను వర్ణిస్తాయి. ప్రస్తుత పాఠ్యభాగం అందుకు భిన్నమైనది. కొత్త కారు కొనగల స్తోమత ఉండి కూడా కొందరు వాహనప్రియులు పాత స్పోర్ట్స్ కార్లను, పాత జీపులను ఎందుకు కోరుకుంటారన్న ప్రశ్నను ఖమ్మం, భద్రాచలం అటవీ సరిహద్దు నేపథ్యంలో ఇది చర్చిస్తుంది. స్టీరింగు ద్వారా చేతికి అందే అనుభవం, వాహనంపై ఏర్పడే నమ్మకం అనే రెండు గుణాల విలువను, పరిమితులను విద్యార్థులు వివేచించేటట్లు చేయడం దీని ఉద్దేశం.

పాఠం

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలానికి దాదాపు 120 కిలోమీటర్ల దూరం. సారపాక దాటిన తరువాత గోదావరిపై 1965లో ప్రారంభమైన వంతెన ఎదురవుతుంది. వంతెన దాటగానే భద్రాచల పట్టణం. అక్కడి నుండి ఒక బాట దుమ్ముగూడెం మీదుగా చర్ల వైపు సాగుతుంది. మరొకటి చింతూరు చేరి, మారేడుమిల్లి కనుమల మీదుగా రాజమహేంద్రవరం దిశగా పోతుంది. 2014 వరకు ఖమ్మం జిల్లాలో భాగమైన చింతూరు ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. పాలనా సరిహద్దులు మారినా అడవి స్వభావం మారలేదు. ఒకే రోజు ప్రయాణంలో బొగ్గు లారీలు తిరిగే రహదారి, ఎర్రమట్టి బాట, వెదురు పొదల నడుమ మలుపులు, వానకు తడిసిన ఆకులు పరచుకొన్న వాలు అన్నీ ఎదురవుతాయి.

ఇటువంటి బాటపై వాహనం నడిపేవానికి కన్ను ఒక్కటే చాలదు. మలుపు అవతల ఏమున్నదో కన్ను చూడలేదు. తడిసిన తారుకు, పలుచగా బురద పట్టిన తారుకు గల భేదాన్ని అది వెంటనే పోల్చుకోలేదు. ఆ భేదాన్ని ముందుగా తెలుసుకొనేది టైరు. టైరుకు తెలిసిన విషయం చేతికి అందాలంటే నడుమ ఉన్న యంత్రభాగాలు దానిని మరుగుపరచకుండా మోసుకొని రావాలి. ఈ గుణాన్నే వాహనప్రియులు స్టీరింగు స్పర్శ అంటారు. పాత కార్లను కోరుకొనేవారు మొట్టమొదట చెప్పే కారణం ఇదే.

ఈ స్పర్శ కార్లతో పుట్టినది కాదు. గుర్రపు పగ్గాలకు రెండు పనులు ఉన్నవి. సారథి సంకల్పాన్ని అవి గుర్రానికి చేరుస్తాయి. గుర్రపు అలసటను, బెదురును, ఉత్సాహాన్ని సారథి చేతికి తెచ్చి అందిస్తాయి. గోదావరిపై పడవ నడిపేవాని చేతిలోని చుక్కాని కూడా అంతే. అది పడవను తిప్పడమే కాక, అడుగున సుడి ఎక్కడ లాగుతున్నదో చేతికి చెబుతుంది. నన్నయ తెనిగించిన అరణ్యపర్వంలోని నలోపాఖ్యానంలో నలుడు బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని వద్ద సారథిగా ఉంటాడు. గుర్రాల మనస్సు ఎరిగిన ఆ విద్యకు అశ్వహృదయమని పేరు. హృదయం తెలియడమంటే పగ్గాలను బలంగా లాగడం కాదు. వాటి ద్వారా వచ్చే సమాచారాన్ని గ్రహించడం.

కారులో ఈ సమాచారం ఎట్లా పుడుతుందో తెలుసుకోవడం అవసరం. సైకిలు ముందు చక్రాన్ని పట్టుకొన్న కడ్డీ నిటారుగా ఉండదు; కొంచెం వెనుకకు వాలి ఉంటుంది. అందువల్లనే సాగుతున్న సైకిలు తనంతట తాను తిన్నగా పోవాలని చూస్తుంది. కారు ముందు చక్రాల అమరికలో కూడా ఇటువంటి వాలు ఉంటుంది. మలుపులో టైరు నేలను తాకే భాగం కొద్దిగా మెలి తిరుగుతుంది. ఈ రెండు కారణాల వల్ల చక్రాన్ని తిన్నని దిశకు మళ్ళించే బలం ఒకటి పుడుతుంది. చేతికి తగిలే బరువు ఆ బలమే. టైరు తన పట్టు చివరి హద్దుకు చేరేటప్పుడు ఈ బలం పెరగడం మాని తగ్గనారంభిస్తుంది. బరువుగా ఉన్న స్టీరింగు ఉన్నట్టుండి తేలికవుతుంది. అనుభవజ్ఞుడైన చోదకునికి అది హెచ్చరిక. చక్రం జారకముందే అతడు వేగం తగ్గించగలడు.

స్టీరింగు చరిత్ర కూడా ఆసక్తికరమైనది. మలుపులో లోపలి చక్రం వెలుపలి చక్రం కంటె ఎక్కువ కోణంలో తిరగాలన్న సూత్రాన్ని జర్మనీకి చెందిన గెయోర్గ్ లాంకెన్‌స్పెర్గర్ గుర్రపు బండ్ల కోసం రూపొందించాడు. 1818లో రుడోల్ఫ్ ఆకర్మన్ దానికి లండన్‌లో పేటెంటు తీసుకొన్నందువల్ల అది ఆకర్మన్ పేరుతోనే ప్రసిద్ధమైనది. కార్లు వచ్చిన తరువాత పళ్ళచక్రం ఒకటి పళ్ళకడ్డీని అటూ ఇటూ జరిపే ‘రాక్ అండ్ పినియన్’ పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. ఇందులో చేతికి, చక్రానికి నడుమ భాగాలు తక్కువ. అందువల్ల సమాచారం తరుగుదల కూడా తక్కువ.

కార్ల బరువు పెరిగిన కొద్దీ చేతిబలానికి తోడు కావలసి వచ్చింది. 1951లో అమెరికాలోని క్రైస్లర్ సంస్థ తన ఇంపీరియల్ కారులో నూనె పీడనంతో సాయపడే పవర్ స్టీరింగును అమ్మకానికి తెచ్చింది. 1988లో జపాన్‌లోని సుజుకీ సంస్థ సెర్వో అనే చిన్న కారులో విద్యుత్తు మోటారుతో సాయపడే స్టీరింగును ప్రవేశపెట్టింది. నూనె పంపును ఇంజను నిరంతరం తిప్పుతూనే ఉండాలి. విద్యుత్తు మోటారు అవసరమైనప్పుడు మాత్రమే పనిచేస్తుంది. అందువల్ల ఇంధనం ఆదా అవుతుంది. కారు తనంతట తాను పార్కింగు చేసుకోవడం, గీత దాటకుండా సరిదిద్దుకోవడం వంటి సౌకర్యాలకు కూడా మోటారు వీలు కల్పించింది. అయితే మోటారు, దానిని నడిపించే కంప్యూటరు నడుమ చేరినందువల్ల నేల నుండి వచ్చే చిన్న చిన్న కదలికలు చాలా కార్లలో వడకట్టబడినవి. 2011లో పోర్షా సంస్థ తన సుప్రసిద్ధమైన 911 కారులో విద్యుత్తు స్టీరింగును అమర్చినప్పుడు దాని అభిమానులలో పెద్ద చర్చ జరిగింది.

ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పరాదు. 1999లో వచ్చిన హోండా ఎస్2000 కారుకు మొదటి నుండి విద్యుత్తు స్టీరింగే ఉన్నది. అయినను స్పోర్ట్స్ కార్ల ప్రియులు దానిని నేటికీ వెదకి కొంటున్నారు. కనుక తయారైన సంవత్సరం ఒక్కటే గుణాన్ని నిర్ణయించదు. కారు బరువు, టైరు వెడల్పు, ముందు చక్రాల అమరిక, తయారుచేసినవారి శ్రద్ధ అన్నీ కలిసి ఆ స్పర్శను నిర్మిస్తాయి. పాత కార్లు తేలికైనవి కావడం, వాటి టైర్లు సన్ననివి కావడం వాటికి కలిసివచ్చిన గుణాలు.

రెండవ గుణం నమ్మకం. 1960వ దశకపు ఆంగ్లేయ స్పోర్ట్స్ కార్లు స్పర్శకు పేరుపొందినవి. 1962లో లోటస్ సంస్థ తెచ్చిన ఎలాన్ కారు దాదాపు 700 కిలోల బరువు మాత్రమే కలిగి, స్టీరింగుకు ఆదర్శంగా నిలిచింది. కాని ఆ కాలపు ఆంగ్లేయ కార్లలో చాలావాటికి నూనె కారడం, విద్యుత్తు తీగలు మొరాయించడం అనే అపఖ్యాతి కూడా ఉన్నది. 1989లో జపాన్‌లోని మాజ్దా సంస్థ ఎం.ఎక్స్.5 అనే రెండు సీట్ల కారును విడుదల చేసినప్పుడు ఎలాన్ వంటి తేలికదనాన్ని, నిత్యం నమ్మదగిన యంత్రాన్ని ఒకచోట చేర్చింది. 2016లో ఆ కార్ల ఉత్పత్తి పది లక్షలకు చేరింది. స్పర్శ, నమ్మకం పరస్పర విరుద్ధమైనవి కావని ఆ కారు నిరూపించినది.

మాజ్దా కార్లు మన దేశపు విపణిలోకి రాలేదు. స్పోర్ట్స్ కారు తెలుగునాట ఏనాడూ అరుదైన వస్తువే. అయితే దాని బంధువులు మన వీధులలో తిరిగినవి. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్స్ సంస్థ 1961 నుండి తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్ కారు అందుకు ఉదాహరణ. ఇంగ్లండులో 1962లో వచ్చిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు హెరాల్డ్ పునాదిపైనే రూపొందినది. హెరాల్డ్ చాలా చిన్న వలయంలో తిరిగేది. దాని ముందుభాగపు మూత అంతా ఒక్కసారిగా ముందుకు తెరుచుకొనేది. అందువల్ల ఇంజను, ముందు చక్రాలు మరమ్మతు చేసేవానికి సులభంగా అందేవి. గాంభీర్యానికి పేరుపడిన అంబాసిడర్ కారుకు కూడా రాక్ అండ్ పినియన్ స్టీరింగే ఉండేది. 1983లో మొదలై 2014లో ఆగిన మారుతి 800, 1985లో వచ్చి 2019 వరకు తయారైన జిప్సీ ఈ కోవలో తరువాతి తరానివి. పాత జిప్సీని కొండదారుల పోటీలలో పాల్గొనేవారు ఎంతగానో ఆదరించారు.

అటవీ సరిహద్దులో మాత్రం చిరకాలం ఏలినది జీపు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో పుట్టిన విల్లీస్ జీపును స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలో మహీంద్రా సంస్థ మన దేశానికి తెచ్చింది. తరువాత అదే వంశానికి చెందిన బండ్లు ఏజెన్సీ గ్రామాలలో సంతకు, ఆసుపత్రికి, ప్రభుత్వ కార్యాలయానికి ఆధారమైనవి. స్పోర్ట్స్ కారు స్టీరింగులోని సూక్ష్మత జీపులో లేదు. దృఢమైన ఇరుసు, కమాన్ కట్టలు, కొంత వదులుగా తిరిగే స్టీరింగు దాని లక్షణాలు. అయినను బురదలో ఏ చక్రం జారుతున్నదో, ఏ చక్రానికి రాయి తగిలినదో అది దాపరికం లేకుండా తెలుపుతుంది. సూక్ష్మంగా పలకకపోయినా అది అబద్ధమాడదు.

జీపును పరిశీలిస్తే నమ్మకమనే మాటకు రెండు అర్థాలు ఉన్నట్లు తెలుస్తుంది. చెడిపోకుండా ఉండడం మొదటి అర్థం. చెడిపోయినచోటనే బాగుపడడం రెండవ అర్థం. మొదటి అర్థంలో చూస్తే నేటి కొత్త కారుదే పైచేయి. దాని ఇంజను ఉదయాన్నే సతాయించదు. వేల కిలోమీటర్లు మూత తెరవకుండానే నడుస్తుంది. కాని ఒక సెన్సారు మొరాయించినప్పుడు, ఫోను సిగ్నలు అందని అడవి మలుపులో చోదకుడు చేయగలిగినది తక్కువ. దోషం ఏమిటో చదవడానికే ఒక ప్రత్యేక పరికరం కావాలి. పాత జీపులో చాలా దోషాలు కంటికి కనబడతాయి, చెవికి వినబడతాయి. కొన్ని పానాలు, ఒక తీగముక్క, కొంత తెలివి ఉంటే ఊరు చేరుకోవచ్చు. రోగిని ఎక్కించుకొని చర్ల నుండి భద్రాచలం ఆసుపత్రికి బయలుదేరినవానికి ఈ రెండవ అర్థం పుస్తకంలోని మాట కాదు. ప్రాణంతో ముడిపడిన విషయం.

అయితే పాతదనమే నమ్మకాన్ని ఇవ్వదు. ముప్పది ఏండ్ల కారు నమ్మదగినదిగా ఉన్నదంటే ఆ ముప్పది ఏండ్లూ దానిని ఎవరో శ్రద్ధగా చూచుకొన్నారని అర్థం. అందువల్ల విజ్ఞులైన కొనుగోలుదారులు రంగును, మెరుపును చూచి మోసపోరు. కారును నిలిపి ఉంచి స్టీరింగును కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పుతారు. చక్రం కదలకముందు స్టీరింగు ఎంత వ్యర్థంగా తిరుగుతున్నదో గమనిస్తారు. ఆ వదులు ఎక్కువైతే కీళ్ళు అరిగినవని గ్రహిస్తారు. తిన్నని దారిలో బండి ఒక పక్కకు లాగుతున్నదేమో చూస్తారు. అడుగుభాగపు ఇనుము తుప్పు పట్టినదేమో తట్టి చూస్తారు. టైరు అంచుమీది నాలుగంకెల ముద్రను చదువుతారు. మొదటి రెండంకెలు తయారైన వారాన్ని, తరువాతి రెండంకెలు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం ఇరువది మూడవ వారంలో తయారైనదని అర్థం. అరగని టైరు కూడా ఏండ్లు గడిచిన కొద్దీ గట్టిపడి పట్టు కోల్పోతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొంటుంది. దానిని సకాలంలో మార్చకపోతే కనుమ దిగేటప్పుడు వేడికి ఆ తేమ ఆవిరై బ్రేకు పట్టు తప్పుతుంది.

పత్రాలను కూడా పరిశీలించాలి. మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషను పదునైదు సంవత్సరాలు చెల్లుతుంది. ఆ తరువాత అర్హత పరీక్షలో నెగ్గినచో అయిదేసి సంవత్సరాలకు పొడిగించుకోవచ్చు. మొదటి రిజిస్ట్రేషను నుండి ఏబది సంవత్సరాలు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న వాహనాలను ‘వింటేజ్’ వాహనాలుగా గుర్తించే నియమాలు 2021లో వచ్చినవి. అట్లా నమోదైన వాహనాన్ని ప్రదర్శనలకు, ర్యాలీలకు తీసుకొని వెళ్ళవచ్చును గాని నిత్యప్రయాణానికి, వ్యాపారానికి వాడరాదు.

ఇక త్రాసులోని రెండవ తట్టను చూడక తప్పదు. పాత కార్లలో చాలావాటికి గాలిసంచులు లేవు. చక్రాలు బిగుసుకొనిపోకుండా కాపాడే ఏ.బి.ఎస్. బ్రేకులు లేవు. మన దేశంలో కొత్త కార్లకు ఏ.బి.ఎస్., చోదకునికి గాలిసంచి తప్పనిసరి అయినది 2019లోనే. ఎదురుదెబ్బ తగిలినప్పుడు చోదకుని గుండెకు గుచ్చుకోకుండా ముడుచుకొనే స్టీరింగు కడ్డీ కూడా చాలా పాత బండ్లలో ఉండదు. ఎంతో మెచ్చుకోదగిన హెరాల్డ్‌లో సైతం వెనుక ఇరుసు అమరిక వల్ల మలుపులో హఠాత్తుగా వేగం తగ్గిస్తే చక్రం లోపలికి మడిగి బండి అదుపు తప్పే అవకాశం ఉండేది. కారు హెచ్చరించడం వేరు, కాపాడడం వేరు. పాత కారు బాగా హెచ్చరిస్తుంది. కొత్త కారు బాగా కాపాడుతుంది. పొగ విషయంలోను 2020 నుండి అమలులో ఉన్న కఠిన నియమాలకు లోబడి తయారైన కారుతో పాత కారు సరితూగదు.

ఈ కారణంగా పాత కారు యజమానికి కొన్ని అదనపు ధర్మాలు ఏర్పడతాయి. స్టీరింగు స్పర్శ వేగానికి అనుమతిపత్రం కాదు. మారేడుమిల్లి మలుపులో తలపై కట్టెలమోపుతో నడిచే స్త్రీ ఎదురుకావచ్చు, మేకలమంద అడ్డురావచ్చు, శ్రీరామనవమికి కాలినడకన వచ్చే యాత్రికులు బాట అంచున సాగుతుండవచ్చు. కారు చెప్పే మాటను వినగలిగినవాడు వారిని ముందుగా తలచుకొని వేగాన్ని తగ్గించాలి. అట్లా తగ్గించనివాడు స్పర్శను గురించి ఎంత మాట్లాడినా అది ఆడంబరమే అవుతుంది.

పాత కార్లతో పాటు కాపాడవలసినది మరొకటి ఉన్నది. అది వాటిని బాగుచేసే చేతివిద్య. కొత్తగూడెం, పాల్వంచ, ఖమ్మం పట్టణాలలోని మెకానిక్కులు ఇంజను శబ్దాన్ని విని దోషాన్ని ఊహించే నేర్పును గురువుల వద్ద పనిచేస్తూ సంపాదించారు. ఆ నేర్పు గ్రంథాలకెక్కినది చాలా తక్కువ. పాత బండ్లు కనుమరుగైతే దానిని నేర్చుకొనే అవకాశం కూడా కనుమరుగవుతుంది. అట్లని కొత్త విద్యను తిరస్కరించరాదు. విద్యుత్తు స్టీరింగును రూపొందించే నేటి ఇంజనీర్లు పోగొట్టుకొన్న స్పర్శను మోటారు ద్వారానే తిరిగి చేతికి అందించడానికి కృషి చేస్తున్నారు. వారికి కొలమానంగా నిలుస్తున్నవి పాత కార్లే.

నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు దారిలోని తాండ్ర చెట్టును చూచి దాని ఆకులను, కాయలను క్షణంలో లెక్కించి చెబుతాడు. నలుడు అశ్వహృదయాన్ని ఇచ్చి, ఋతుపర్ణుని వద్ద నుండి ఆ గణనవిద్యతో కూడిన అక్షహృదయాన్ని గ్రహిస్తాడు. చేతికి తెలిసిన విద్య, లెక్కకు అందే విద్య ఒకదానికొకటి శత్రువులు కావని, రెండూ కలిసినప్పుడే నలుని కష్టం తీరినదని ఆ కథ చాటుతుంది. తాండ్ర చెట్లు పెరిగే ఈ అడవి బాటపై పాత కారును నడిపేవానికి, కొత్త కారును రూపొందించేవానికి కూడా అది చక్కగా వర్తిస్తుంది.

అభ్యాసం

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వాహనప్రియులు పాత కార్లను కోరుకొనడానికి గల కారణాలను, అందలి పరిమితులను వివరించండి.
2. ‘నమ్మకమనే మాటకు రెండు అర్థాలు ఉన్నవి’ అనే వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. టైరు పట్టు తప్పబోయే ముందు స్టీరింగు చోదకుని ఎట్లా హెచ్చరిస్తుంది?
2. పాత కారు కొనేవారు పరిశీలించవలసిన అంశాలేవి?
3. పగ్గాలకు, చుక్కానికి, స్టీరింగుకు గల సామ్యం ఏమిటి?

ఇ) ఏకపద, వాక్య సమాధాన ప్రశ్నలు
1. భద్రాచలం వద్ద గోదావరిపై వంతెన ఏ సంవత్సరంలో ప్రారంభమైనది?
2. స్టాండర్డ్ హెరాల్డ్ పునాదిపై రూపొందిన స్పోర్ట్స్ కారు ఏది?
3. బాహుకుడు ఎవరి వద్ద సారథిగా ఉన్నాడు?

ఈ) సంధులు విడదీసి పేర్లు వ్రాయండి
నలోపాఖ్యానం, విద్యార్థులు, ఒక్కటే

ఉ) విగ్రహవాక్యాలు వ్రాసి సమాసాల పేర్లు తెల్పండి
అడవి బాట, చేతిబలం, నాలుగంకెలు

ఊ) చర్చించండి
మీ ఊరిలోని ఒక మెకానిక్కును లేదా పడవ నడిపేవానిని కలిసి, చేతి అనుభవం ద్వారా మాత్రమే తెలిసే విషయాలేవో అడిగి తెలుసుకొని ఒక పుటకు మించకుండా వ్రాయండి.